రెండు, కాస్త ఆగి, ఒకటి

వాడికి రాజు అని పేరు పెట్టింది
బిట్రగుంట స్టేషన్లో దొరికిన రోజు రైటరు.
నెల్లూరు హోములో రిజిస్టరు నింపింది మేడమ్ము:
వయసు ఎనిమిదో తొమ్మిదో.
చెవుడు. మాట లేదు. ఊరు చెప్పలేడు.
చేతులు వణుకుతాయి, డాక్టరుకి చూపాలి.

నాకు రిజిస్టర్లు తెలీవు. వంటమనిషిని.
నలభై మంది పిల్లకాయలకి ఎన్ని శేర్లు పొయ్యాలో తెలుసు,
ఎవుడు చారు ముట్టడో, ఎవుడు తెల్లారుజామున ఏడుస్తాడో తెలుసు.

ఒక శనివారం చింతపండు పిసకతా ఉంటే
వాడొచ్చి గడప మీద కూచున్నాడు.
ఐదేళ్ళూ వంచి, అడ్డంగా నడిపించి,
గడప కొస కాడ చటుక్కున దాచేశాడు.
మళ్ళీ అట్టాగే. మళ్ళీ.
వణుకుడు కాదు తల్లా అది.
ఎండ్రకాయ!
మనిషి అలికిడికి బొరియలో దూరే ఎండ్రకాయ.

నాదీ ఒకప్పుడు ఉప్పుకాలవ గట్టే.
మోకాటి బురదలో నిలబడి మా నాయన
చెయ్యి బొరియలో పెట్టి
నా మొహం చూసి నవ్వేవాడు.
పులుసు చేత్తోనే నేనూ ఒక ఎండ్రకాయని నడిపించా.
వాడు నా మణికట్టు పట్టుకుని వదల్లా.
మూడు నెల్లకి
ఆ హోములో వాడితో మొదట మాట్లాడింది నేను.
గొప్పకి చెప్పడం లేదు, సిగ్గుతో చెప్తున్నా.

కృష్ణపట్నం దోవన, కాలవల ఎంబడి
మా తమ్ముడు పెంచలయ్య నాలుగు ఆదివారాలు సైకిలు తొక్కితే
దొరికింది పోలమ్మ.

కమిటీ ముందర నిలబెట్టారు ఆమెని.
బిడ్డ నీదేనని కాగితం ఉందా? లేదు.
ఫోటో? లేదు.
పేరు పెట్టి పిలువు, చూద్దాం.
"ఇనపడని బిడ్డకి
నోటితో పెట్టే పేరెందుకు సారూ?"
వంగి గచ్చు మీద పిడికిలితో కొట్టింది.
గచ్చు పలకలేదు.
వాడు కిటికీలో కాకిని చూస్తా ఉండాడు.
ఒకాయన పెన్ను మూత తీశాడు.

ఆగండి, అన్నా. నాకెట్టా వచ్చిందో ఆ నోరు.
"ఇంటి కాడ దేని మీద కొడతావమ్మే?"
"పడవ బల్ల."

వసారాలో పాత చెక్క బెంచీ ఉంది.
వాణ్ణి ఆ కొసన కూచోబెట్టాం, వీపు మాకు.
ముందు ఆ సారే కొట్టి చూశాడు, టక్ టక్ టక్.
వాడు కాళ్ళూపుకుంటా ఉండాడు.
పేరు తప్పు పిలిస్తే ఎవరు పలుకుతారు?

పోలమ్మ కొట్టింది.
రెండు.
కాస్త ఆగి,
ఒకటి.

కాళ్ళు ఆగినయ్.

ఆ తర్వాత నేను సరిగ్గా చూళ్ళేదు.
బెంచీ పడిపోయిన చప్పుడు మటుకు ఇన్నా.

అయినా అయిపోలేదు.
ఇల్లు చూసొచ్చినోళ్ళ రిపోర్టు చదివారు:
గుడిసెకి తలుపు లేదు. కరెంటు లేదు.
పది అడుగుల్లో కాలవ.
బిడ్డ ఇక్కడుంటేనే మేలు.

పోలమ్మ వాడి తల మీద చెయ్యి తియ్యకుండా అంది,
"తలుపు లేకుంటే తలుపియ్యండి సారూ.
బిడ్డనెందుకు ఉంచుకుంటారు?"

పెన్ను మూత పెట్టేశాడాయన.
మళ్ళీ తీసి, రాశాడు.

సైగలు నేర్పే టీచరు వారానికి రెండు సార్లు పోవాలంట.
నెలకొకసారి పోతంది.
పింఛను కాగితాలు తిరగతా ఉండాయి.
తలుపు రాలేదింకా, గోనెపట్టా యాలాడతా ఉంది,
గాలికి ఎగిరితే లోపల్నుంచి కాలవ కనపడతది,
వాడికదే ఇష్టమంట.

రిజిస్టరులో రాజు అనే ఉంటదేమో.
కొట్టేశారో లేదో నాకేం తెలుసు.

పోయే రోజు ఆటో ఎక్కబోయి వెనక్కొచ్చాడు.
వాళ్ళమ్మకి నన్ను చూపించి
పిడికిలి మూసి, తెరిచి, మూసి, పిసికినట్టు చేసి
మొహం పుల్లగా పెట్టాడు.

పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో నేను వంటమ్మని.
వెంగమ్మా అని పిలిచినోళ్ళు లేరు.
వాడు పెట్టిన పేరుకి
గేటు కాడ నిలబడి
నేనూ పిడికిలి పిసికి పలికా.